కరెంటు పోతే లేచే కారు

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా షెడ్డు గోడకు అవతలే ఖబరస్తాన్. అక్కడున్నవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కసారైనా గోడ దూకి వచ్చి "ఆ సుత్తి చప్పుడు ఆపరా" అనలేదు. బతికున్న పొరుగువాళ్లు మాత్రం రోజూ అంటారు. ఏడో తరగతిలో బడి వదిలేసినవాడు కదా, ఏది చెప్పినా నమ్ముతాడులే అని మీరు అనుకోవచ్చు. మెకానిక్‌కు ఉన్నంత అనుమానం పోలీసుకు కూడా ఉండదు. "నిన్నటిదాకా బాగానే ఉండింది" అని బండి ఓనరు చెబితే నమ్మిన మెకానిక్‌ను ఒక్కణ్ని చూపించండి.

కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. వివరణ మీరే చెప్పండి.

నా పేరు మస్తాన్. నెల్లూరులో ఆటోలు, ట్రాక్టర్లు, నీళ్ల మోటార్లు బాగుచేస్తాను. నా భార్య తండ్రి కరీం మామకు కాస్త అవతల పెద్ద వర్క్‌షాపు ఉంది. నేను షెడ్డు మూసేసి ఆయన దగ్గర చేరాలని ఆయన కోరిక. కోరిక అంటే, రోజూ టీ వేళకు వచ్చి, నా స్టూలు మీద కూచుని, నా టీ తాగుతూ నన్ను తిట్టడం.

అలాంటి రోజుల్లో తోటపల్లి గూడూరు నుంచి మాలకొండారెడ్డి అన్న ఒక కారును లారీ మీద తెచ్చి దించాడు. ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. కారు పాతకాలపు విదేశీ స్పోర్ట్స్ కారు. ఎరుపు రంగు, రెండే సీట్లు, గుడ్డ టాపు. చెన్నైలో ఎవరి దొడ్లోనో, లోపల కోళ్లు పొదుగుతుండగా దొరికిందట. బానెట్ ఎత్తితే ఇంజన్ ఉండాల్సిన చోట ఇంజన్ ఆకారంలో తుప్పు ఉంది.

మామ కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"అల్లుడా, ఇది నీ షెడ్డులోంచి తన కాళ్ల మీద తాను బయటికి పోయిందనుకో, ఇంక నీ జోలికి రాను. పోలేదనుకో, షెడ్డుకు తాళమేసి నా కాడికొచ్చి స్పానర్లు పట్టుకోవాల. సరేనా?"

నోరు జారి సరే అన్నాను. నా నోటికి బ్రేకులు లేవని అందరికీ తెలిసిందే.

కొత్త ఇంజన్ ఏది వేయాలో కూడా అన్నే చెప్పాడు. ఆయన గుంటల దగ్గర జనరేటరు తిప్పిన పాత డీజిల్ ఇంజన్. ఎప్పుడో వెంకటాచలం దగ్గర హైవే మీద పల్టీ కొట్టిన ఒక పెద్ద బండిలోది. రొయ్యల సాగు తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. గుంటలో గాలిచక్రాలు కరెంటుతో తిరుగుతుంటేనే నీళ్లలో గాలి ఉంటుంది. కరెంటు పోయి చక్రాలు ఆగాయా, రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. ఆలస్యం చేస్తే పంటంతా పోయినట్టే. అందుకని ప్రతి గుంట దగ్గరా ఒక జనరేటరూ, దాన్ని కనిపెట్టుకుని ఒక మనిషీ ఉంటారు.

మాలకొండన్న దగ్గర ఆ మనిషి పేరు వెంకయ్య. ఇంజన్ పక్కనే మంచం వేసుకుని ఏళ్ల తరబడి పడుకున్నాడు. కరెంటు పోతే చక్రాలు పూర్తిగా ఆగకముందే ఇంజన్ లేపేవాడు. లేవగానే రెండుసార్లు గుర్రు గుర్రుమని రేజు చేసి అప్పుడు వదిలేవాడు. అది ఆయన అలవాటు. పోయిన ఎండాకాలంలో ఇంట్లో నిద్రలోనే పోయాడు. ఆ తర్వాత అన్న, కరెంటు పోతే దానంతటదే లేచే ఆటోమేటిక్ జనరేటరు కొనుక్కున్నాడు.

"ఎంకయ్య చేతి ఇంజను మస్తానూ. తుక్కోడికియ్యలేను. దీన్ని కార్లో యెయ్యి, నేను తోలుకుంటా."

వేశాను. చెప్పినంత సులువుగా కాదు. ఇంజన్ కూర్చునే దిమ్మెలు కోసి కొత్తవి వెల్డింగ్ చేశాను. గేరుబాక్సుకూ ఇంజన్‌కూ పొత్తు కుదరకపోతే మధ్యలో ఒక పలక లేతు మీద చేయించి ఇద్దరికీ నిఖా చేశాను. బరువుకు ముక్కు నేలకు తగులుతుంటే ముందు స్ప్రింగులు మార్చాను. అయినా బానెట్ మూతపడలేదు. కోసి పైకి ఒక బుడిపె పెట్టాను. అది చూసి మామ "కారుకు గడ్డ లేసిందే" అన్నాడు. స్టార్టు చేస్తే, చూడటానికి గుర్రం, వినడానికి రైసుమిల్లు.

మొదటిసారి అది జరిగింది ఒక మధ్యాహ్నం. నేను కారుకు దూరంగా కూచుని సీటు కుడుతున్నాను. కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించింది. అది ఇంకా ఆగలేదు, కారు దానంతటది స్టార్టయింది. గుర్రు, గుర్రు. తర్వాత కుదురుగా ఆడటం మొదలుపెట్టింది.

తాళంచెవి నా జేబులో ఉంది.

వైరింగులో తేడా అనుకున్నాను. రిలే మార్చాను. స్విచ్చి మార్చాను. మర్నాడు కరెంటు పోతే మళ్లీ లేచింది. పరీక్ష చేద్దామని షెడ్డు మెయిన్ నేనే ఆపి చూశాను. ఉలకలేదు, పలకలేదు. వీధి మొత్తానికి నిజంగా కరెంటు పోతేనే లేస్తుంది. కరెంటు స్తంభానికీ ఆ కారుకూ మధ్య ఒక్క వైరు కూడా లేదని ఖురాన్ మీద ఒట్టేసి చెబుతాను. చివరికి బ్యాటరీ తీసేశాను. అప్పుడు లేవలేదు. దెయ్యమైనా సరే, బ్యాటరీ కావాలన్నమాట. ఎంతైనా మన లైన్లోదే అని కొంచెం ధైర్యం వచ్చింది.

ఈ సంగతి మామకు తెలిస్తే షెడ్డు పోయినట్టే. తాళంచెవి మాట వినని కారును బాగుచేసిన కారు అని ఎవరంటారు? కానీ ఒకరోజు ఆయన కారుకు ఆనుకుని టీ తాగుతుండగానే కరెంటు పోయింది. గుర్రు, గుర్రు. టీ అంతా తెల్ల లుంగీ మీద పడింది.

"ఏందిరా ఇదీ!"

"రిమోట్టు మామా."

"యాడుంది రిమోట్టు?"

"జేబులో."

మామ కారును చూశాడు, నన్ను చూశాడు. "పరవాలేదే" అన్నాడు. నా పెళ్లయినప్పటి నుంచి ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. నా పేరు నిలబెట్టింది చచ్చినవాడో, చెడిపోయిన వైరో ఆ క్షణంలో నాకు అక్కర్లేకపోయింది.

కారు అప్పగించే రోజు వచ్చింది. ఆ పగలంతా కరెంటు తీయరని లైన్‌మన్‌ను అడిగి ఖాయం చేసుకున్నాకే బ్యాటరీ బిగించాను. హ్యాండ్ బ్రేకు ఇంకా సరిగ్గా పట్టడం లేదు, అందుకని గేరులో పెట్టి ఉంచాను. మాలకొండన్న టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి పళ్లెంలో కర్పూరం వెలిగించాడు. నేను తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మామ తీర్పు చెప్పే పెద్దమనిషిలా వాకిట్లో నిలబడ్డాడు.

కారు లేచింది. గేరులో ఉంది కాబట్టి నడిచింది కూడా. నిమ్మకాయలు ఫట్టుమన్నాయి. మామ పక్కకు గెంతాడు. నేను పరుగెత్తి తలుపు మీది నుంచి లోపలికి దూకి గేరు తప్పించేసరికి కారు గడప దాటి వీధిలో ఉంది. అప్పుడు తీరిగ్గా, గుర్రు, గుర్రు.

తల తిప్పి షెడ్డులోకి చూశాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

మాలకొండన్న చేతిలో హారతి పళ్లెంతోనే కేక పెట్టాడు. "రేయ్, గుంట కాడ కరెంటు పోయిందిరా!"

అన్నాక ఆయనకే నవ్వొచ్చింది. "అలవాటబ్బయా. ఇన్నేళ్లూ ఆ గుర్రు ఇంటే కరెంటు పోయినట్టే లెక్క మాకు" అన్నాడు. నవ్వుతూనే గుంట దగ్గరున్న పనివాళ్లకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. నవ్వు ఆగిపోయింది. పళ్లెం మామ చేతిలో పెట్టి, నన్ను పక్క సీట్లోకి నెట్టి, కారెక్కాడు.

ఆ కారు అంత వేగం పోతుందని కట్టినవాణ్ని, నాకే తెలియదు. దారి పొడుగునా నాకు వచ్చిన దువాలన్నీ చదివాను. అన్న గోవిందా గోవిందా అంటున్నాడు. మామ స్కూటరు మీద వెనక పడ్డాడు.

గుంట దగ్గర కరెంటు లేదు. చక్రాలు ఆగి ఉన్నాయి. ఆటోమేటిక్ ఉంది కదా అని పనివాళ్లు అన్నానికి పోయారు. ఆటోమేటిక్ పెట్టెలో ఒక తొండ దూరి, చచ్చి, నల్లగా అతుక్కుపోయి ఉంది. గట్టు పొడుగునా రొయ్యలు మీసాలు పైకెత్తి తేలుతున్నాయి. తొండను పీకి, పెట్టెను పక్కకు తప్పించి, నేరుగా వైరు కలిపి జనరేటరు లేపాను. చక్రాలు తిరిగాయి. కాసేపటికి రొయ్యలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. మాలకొండన్న గట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు.

తర్వాత అన్నాడు, "బండి ఈడే ఉండనీ మస్తానూ."

జిల్లాలోనే అందమైన స్పోర్ట్స్ కారు ఇప్పుడు రొయ్యల గుంట గట్టు మీద, టార్పాలిన్ కప్పుకుని కాపలా కాస్తోంది. ఆదివారాలు మాత్రం అన్న కరెంటు ఉందో లేదో చూసుకుని ఒక చుట్టు తిప్పుకొస్తాడు.

ఆ రోజే దుమ్ము కొట్టుకుని వచ్చిన మామను గట్టు మీదే అడిగాను. "కారు తన కాళ్ల మీద తాను బయటికి పోయిందా లేదా?"

"పోయింది" అన్నాడు మామ. "కానీ నువ్వు పంపలేదు కదరా."

అయినా ఆయన ఇంక తాళం మాట ఎత్తలేదు. షెడ్డు నాదే, స్టూలూ టీ ఆయనవే.

చదువుకున్నవాళ్లను అడిగాను. ఒకాయన రిలే అన్నాడు, ఒకాయన తేమ అన్నాడు, ఒకాయన తంతిలేని కరెంటు ఏదో ఉంటుందని బొమ్మ గీసి చూపించాడు. అందరికీ తల ఊపాను. తోటపల్లి గూడూరులో కరెంటు పోయిన సంగతి నెల్లూరులో ఉన్న ఇంజన్‌కు ఎవరు చెప్పారని అడిగితే మాత్రం, టీ చల్లారిపోతోందన్నారు.

ఇప్పటికీ ఆ కారు సర్వీసుకు నేనే పోతాను. గుంట దగ్గర ఏ క్షణాన అవసరం పడుతుందో అని బ్యాటరీ తీయనివ్వడు అన్న. అందుకని బానెట్ ఎత్తి, ఎవరూ వినకుండా చెబుతాను. "ఎంకయ్యన్నా, చెయ్యి లోపల పెడతుండా. తీసిందాకా కాస్త ఓపిక పట్టు."

నేను చెయ్యి లోపల పెట్టి ఉండగా రెండుసార్లు కరెంటు పోయింది. రెండుసార్లూ చెయ్యి తీసేదాకా ఆగి, అప్పుడు లేచింది. ఎట్లాగని నన్ను అడగొద్దు.