కందిరీగ ఇంట్లో సాలీళ్ళు

నిన్న పొద్దున పక్కింటి పిల్ల, ఇంకా బడిలో వెయ్యని పిల్ల, మా కిటికీ చువ్వలు పట్టుకుని లోపలికి చూస్తూ, "తాతా, ఆ మట్టిముద్దలో ఏముంది?" అని అడిగింది. నేనొక్కణ్ణే ఉండే ఇల్లు కాబట్టి మూలలు దులిపేవాళ్ళు లేరు. కందిరీగ ఒకటి తీరిగ్గా గూడు కట్టుకుంది. చాలా రోజులకు నన్నొకరు ప్రశ్న అడిగారన్న సంబరంలో రెచ్చిపోయాను. నా చిన్నప్పుడు అల్లూరులో పిచ్చుకంత కందిరీగ ఉండేదనీ, దాని గూడు గుమ్మడికాయంత అనీ, అది మైపాడు సముద్రం దాకా తరిమితే పడవెక్కి తప్పించుకున్నాననీ చెప్పాను. పిల్ల అంతా విని, "అది సరే, లోపలేముంది?" అంది.

అసలు సంగతి ఇది. కందిరీగ మామూలు కందిరీగే. గూడు నిమ్మకాయంత. సముద్రాన్ని నేనప్పటికి చూడనే లేదు. సాయంత్రం గాలికి ఉప్పువాసన వచ్చేది, అంతే.

యాభైల చివరి రోజులవి. ఇంట్లో వరసగా అయిదుగురం కావడంతో, పిల్లలు లేని పెద్దమ్మ దగ్గర నన్ను ఉంచారు. పెదనాయన పొద్దున్నే మడికి పోతే చీకటిపడ్డాకే రావడం. వరిచేల నడుమ ఒంటరి ఇల్లు. నాకు చీమలూ, గొంగళ్ళూ, సాలీళ్ళే తోడు. వాటి మీద పుట్టే ప్రశ్నలన్నీ పెద్దమ్మ మీద పడేవి. చీమలకు చెమట పడతాదా? సాలీడు తన గూట్లో తనే ఎందుకు చిక్కుకోదు? ఆమె బియ్యం చెరుగుతూ, "నాకు యాడ తెలుస్తాది రా, నేనేమన్నా దాంతో కాపరం చేసినానా?" అనేది.

ఆ ఎండాకాలం వంటింటి కిటికీ మూల కందిరీగ గూడు మొదలుపెట్టింది. కందిరీగ గూడు కట్టిన ఇంట్లో బిడ్డ పుడతాడని మా వైపు నమ్మకం. పెద్దమ్మ ఆ మూలకు చీపురు పోనివ్వలేదు. ఎండకు నేల బీటలు తీసింది, దానికి మట్టి దొరకదేమోనని కొబ్బరిచిప్పలో బంకమట్టి తడిపి బావిగట్టున పెట్టేది. "తొక్కబాక రా, అది దానికి" అనేది. "బిడ్డ పుడితే నేను యాడుండేది?" అని అడిగాను. ప్రతి ప్రశ్నకూ కసిరే మనిషి, దీనికి మాత్రం నవ్వి ఊరుకుంది.

మర్నాడు ఆమె బావి దగ్గరున్నప్పుడు పీటెక్కి, ఈనెపుల్లతో గూడు పొడిచాను. బల్లి కూల్చి, లోపలున్నదంతా మింగేసి పోయిందని ఆమెతో అన్నాను. పెద్దయ్యాక, కుతూహలం కొద్దీ పొడిచానని అందరితో చెప్పుకున్నాను. రెండూ అబద్ధాలే. ఆ గూడు నిలిస్తే నన్ను పంపేస్తారని పొడిచాను.

లోపల బిడ్డ లేడు. సాలీళ్ళున్నాయి, ఏడో ఎనిమిదో, నిద్రపోతున్నట్టు కాళ్ళు ముడుచుకుని. బల్లి కథ ఆ పూటంతా బాగానే నిలిచింది గానీ, ప్రశ్న కడుపులో నిలవలేదు. అన్నం కలుపుతున్న పెద్దమ్మను అడిగేశాను: "పెద్దమ్మా, కందిరీగ ఇంట్లో సాలీళ్ళెందుకుంటాయి?"

ఆమె చెయ్యి ఆగింది. అంతా బల్లే మింగిందన్నవాడు సాలీళ్ళను ఎప్పుడు చూశాడో ఆమెకు వేరే చెప్పాలా? కొట్టలేదు. "పెంచుకుంటా ఉండాదేమోలే రా. దాని బిడ్డలు కాకపోతే ఏం" అని ముద్ద నా నోట్లో పెట్టింది. బావిగట్టున చిప్పలో మట్టి ఎండి నెర్రెలిచ్చింది. ఆ ఇంట్లో బిడ్డ పుట్టలేదు. నన్ను పంపనూ లేదు.

కందిరీగ తన పిల్లపురుగుకు మేతగా సాలీళ్ళను కుట్టి దాస్తుందని తర్వాతెప్పుడో చదివాను. అది పెద్దమ్మకు చెప్పకపోయినందుకు నాకు సిగ్గులేదు. పొడిచింది నేనేనని నా నోటితో చెప్పకపోయినందుకు మాత్రం ఉంది. వినడానికి ఆమె లేదిప్పుడు.

ఇవాళ పిల్ల మళ్ళీ వచ్చి, "పగలగొట్టి చూద్దామా తాతా?" అంది. వద్దన్నాను. మూడు వారాలాగితే లోపలున్నది తనే బయటికొస్తుంది, రోజూ వచ్చి చూసిపొమ్మన్నాను. నిజానికి రెండు వారాలు చాలేమో. మూడోది నా కోసం కలిపాను. ఈ వయసులో కాలాన్ని కూడా కాస్త పెంచి చెప్పుకోవాల్సి వస్తుంది.