వెనక సీట్లో అమ్మ కొలత

కామాటిపురాలో మేముండే ఒంటిగది ఖోలీలో మంచం పట్టదు. అమ్మ గోడవారగా చాప వేసుకుంటుంది. నేనూ మా ఆవిడా పొయ్యి దిమ్మె కింద తల పెట్టి, తలుపు వైపు కాళ్ళు చాపుతాం. అమ్మాయి అటక మీద పడుకుంటుంది. ఇలాంటి ఇంట్లో ఉంటూ నేను కొన్నాళ్ళపాటు హైబ్రిడ్ కార్లలో లోపలి జాగా ఎంత, సీట్ల సుఖం ఎంత అని చాల్ గ్యాలరీలో, ఖోలీలన్నిటి ముందుండే వరండాలో, నిలబడి అందరికీ పాఠం చెప్పాను. విన్నవాళ్ళు మర్యాదస్తులు కాబట్టి ఎవరూ నవ్వలేదు.

కారు ఆలోచన చిన్నమ్మ వల్ల వచ్చింది. అమ్మకు ఆమె ఒక్కతే చెల్లెలు, షోలాపూర్‌లో ఉంటుంది. బాబాయి పోయాడు, పిల్లల్లేరు. చిన్నమ్మ వెన్ను దెబ్బతిని మంచాన పడితే చూడడానికి అమ్మను బస్సులో బయల్దేరదీశాను. పుణే చేరేలోపే అమ్మ నడుము పట్టేసింది. అక్కడే దిగి వెనక్కి వచ్చేశాం. రైలంటే దాదర్ స్టేషన్ మెట్లు, అవి అమ్మ మోకాళ్ళకు పడవు. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఫోన్లో చెల్లెలితో "వస్తున్ననే, వస్తున్న" అనేది. ఆ మాట వింటుంటే నాకు అన్నం సయించేది కాదు. అమ్మ అంత దూరం కూర్చోగలిగే బండి దొరికితేనే అక్కాచెల్లెళ్ళు కలుస్తారు, లేకపోతే లేదు. పాతదైనా సరే, పెట్రోలు తక్కువ తాగే హైబ్రిడ్ తీసుకుందామనుకున్నాను.

కారు నడపడం వచ్చు గాని కొనడం రాదు. అందుకని ఫోన్లో వీడియోలు చూసి పండితుణ్ణయ్యాను. మోకాళ్ళ ముందు జాగా, తల మీద జాగా, తొడలకు ఆనిక, వీపు వాలు, అన్నీ కంఠతా పట్టాను. బ్యాటరీని వెనక సీటు కింద పెడితే సీటు ఎత్తు ఎలా మారుతుందో, డిక్కీలో పెడితే సామాను ఎక్కడ పోతుందో మా ఆవిడకు వివరించాను. ఆమె మరాఠీలో "ఆధీ భాజీ ఆణా" అంది. ముందు కూరగాయలు తెమ్మని. తెచ్చి మళ్ళీ వివరించాను.

మా నాయిన తాపీ మేస్త్రీ. ఆయన కొలత టేపు ఇప్పటికీ ఫొటో పక్కన మేకుకు వేలాడుతుంది. దాన్ని జేబులో వేసుకుని, అమ్మను వెంటబెట్టుకుని, నాగ్‌పాడా వైపున్న పాత కార్ల షోరూముకు వెళ్ళాను.

మొదటి కారు తలుపు తెరవగానే అమ్మ చెప్పులు బయట విడిచి ఎక్కింది. ఎక్కి, రెండు కాళ్ళూ పైకి లాక్కుని సక్కలముక్కలం వేసుకుని కూర్చుంది. నేను టేపు సాగదీసి ముందు సీటుకూ అమ్మ మోకాళ్ళకూ మధ్య జాగా కొలవబోయాను. ఆ జాగాలో మోకాళ్ళే లేవు.

"అమ్మా, కాళ్ళు కిందికి పెట్టు. కొలవాలె."

"కిందికి వేలాడేస్తే గుంజుతయిరా. నువ్ కొలిచెటిది కొలుసుకో."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అమ్మ నేల మీద తప్ప కూర్చోగా చూడలేదు. ఆమె కోసం నేను ఏరికోరి నేర్చుకున్న మొదటి విద్య, కాళ్ళు చాపుకునే జాగా. ఈ మాట సేల్స్‌మన్‌కు తెలియకూడదని టేపు అలాగే పట్టుకుని ఏదో కొలిచినట్టు నటించాను.

టెస్ట్ డ్రైవ్‌కు బయల్దేరాం. షోరూం కుర్రాడు నడిపాడు, నేను అతని పక్కన కూర్చున్నాను. బండి చప్పుడు లేకుండా ఫోరస్ రోడ్ దాకా వచ్చేసింది. అమ్మ నా భుజం తట్టి "ఎప్పుడు చాలూ చేస్తడంట?" అని అడిగింది. బండి ఎప్పుడో స్టార్టయింది, చాలా సేపటి నుంచి పోతూనే ఉన్నామని చెప్తే కిటికీలోంచి తొంగి చూసింది. తిరిగొచ్చేసరికి బండి నిలబడిన చోట అమ్మ చెప్పులు మాత్రం ఉన్నాయి. సేల్స్‌మన్ వాటిని తొక్కకుండా చుట్టూ తిరిగి నడుస్తున్నాడు.

ప్రతి కారులోనూ అమ్మ ఒకటే పని చేసింది. ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా జరిగి, సీటు మధ్యలో అరచేత్తో నొక్కి చూసేది. రెండో కారు నాకు తెగ నచ్చింది. వెనక సీటు ఇద్దరికి అచ్చు పోసినట్టుంది, మధ్యలో చెయ్యి ఆనించుకునే దిండు కూడా ఉంది. అమ్మ ఆ దిండును పైకి నెట్టి, కింద తడిమింది.

"నడుమల ఎత్తుగుంది. సాపుగ లేదు. వద్దు."

"నడుమ ఎవలు కూసుంటరే? నువ్వొక్కదానివే గదా వెనక."

అమ్మ దిగి చెప్పులు వేసుకుంది. నేను అలిగి బయటికెళ్ళి చాయ్ తాగాను. జుట్టు నెరిసిన మనిషి అమ్మ మీద అలగడం చాయ్‌వాలాకు కూడా వింతగా తోచినట్టుంది, అడక్కుండానే ఇంకో సగం పోశాడు.

మూడోది వెలిసిన గుడ్డ సీట్ల బండి. బ్యాటరీ సీటు కిందే. సీటు బల్లలా చదునుగా, కొంచెం గట్టిగా ఉంది. నా వీడియోల లెక్కన పనికిరాని సీటు. అమ్మ ఓ చివర తలుపుకు ఆనుకుని, కాళ్ళు ముడుచుకుని కూర్చుని నన్ను లోపలికి పిలిచింది.

"పండుకో."

"నేనా? ఎందుకు?"

"పండుకోరా."

సేల్స్‌మన్ చూస్తుండగా అమ్మ ఒళ్ళో తల పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి పడుకున్నాను. ఎన్నేళ్ళయిందో అలా పడుకుని. అమ్మ నా తల సర్ది, నా పాదాలు అవతలి తలుపుకు ఎక్కడ తగులుతున్నాయో చూసింది.

"నీకు పట్టింది. దానికీ పడ్తది."

"ఎవలకి?"

"చెల్లెకు. అది కూసోలేదు గదరా. పోయేటప్పుడు నేనొక్కదాన్నే. వచ్చేటప్పుడు ఇద్దరం."

లేచి కూర్చున్నాను. నేను వెళ్ళడం వరకే కొలిచాను. అమ్మ వస్తున్నా వస్తున్నా అంటుంటే చూడడానికనే అనుకున్నాను తప్ప, తెచ్చుకోవడానికని తోచలేదు. సిగ్గేసింది. చిన్నమ్మ ఖోలీలో ఎక్కడ పడుకుంటుందని అడగబోయి మానుకున్నాను. అది నేను తేల్చే విషయం కాదు, తన చాప పక్కనేనని అమ్మ ఎప్పుడో తేల్చేసింది.

ఆ బండే తీసుకున్నాం. షోలాపూర్‌లో చిన్నమ్మను ఇరుగుపొరుగు వాళ్ళు పక్కదుప్పటితో సహా ఎత్తి సీటు మీద పడుకోబెట్టారు. నేను గుమ్మం దగ్గర అమ్మ చెప్పులు తీస్తుంటే, "దానియి గూడ పట్టుకో" అంది అమ్మ. నడవలేని మనిషికి చెప్పులెందుకని నేను అడగలేదు. రెండు జతలూ ముందు సీటు కింద పెట్టుకున్నాను.

బండి సందు దాటింది. అమ్మ ఒళ్ళోంచి చిన్నమ్మ గొంతు సన్నగా వినిపించింది.

"అక్కా, ఇంక చాలూ చేయలేదా?"

"చేసిండే," అంది అమ్మ. "ఇంటికి పోతున్నం."