గేటు లోపలికొకటి, బయటికొకటి

యుద్ధం రాకపోయుంటే ముడుల పిన్నికి ఆ పేరే వచ్చేది కాదు. మగవాళ్లంతా సైన్యంలో చేరిపోవడంతో గుడ్డల మిల్లువాళ్లకు ఉన్నట్టుండి ఆడవాళ్లు గుర్తొచ్చారు. మగ్గం మీద తెగిన దారాల కొసలు పట్టుకుని ముడివెయ్యడం ఆమె పని. యుద్ధం ముగిసి మగవాళ్లు తిరిగిరాగానే ఆమెను చల్లగా ఇంటికి పంపేశారు. పేరు మాత్రం మిగిలింది.

తిరిగొచ్చినవాళ్లలో ఆమె అన్నా, మొగుడూ ఉన్నారు. ఇద్దరూ అదే మిల్లులో చేరారు, పక్కపక్క గదుల్లో కాపురం. ధరలు మండిపోతుంటే జీతాలు పెంచమని సమ్మె మొదలైంది. అన్న గేటు బయట టెంటులో కూర్చున్నాడు. మొగుడేమో ఉన్న పని పోతుందన్న భయంతో, పోలీసుల మధ్య తల దించుకుని లోపలికి వెళ్లాడు. అంతే, ఇద్దరికీ మాటల్లేవు. ఒకరు ఎదురైతే రెండోవారు గోడవైపు తిరిగేవారు. పిన్నికి ఒళ్లు మండేది, ఏడుపూ వచ్చేది.

రోజూ ఒకే పొయ్యి మీద వండి, రెండు డబ్బాలు గేటు దగ్గరికి తెచ్చేది. మొగుడికి కడుపులో పుండు, కారం తగలకూడదు. అన్నకు కారం లేకపోతే ముద్ద దిగదు.

ఒకరోజు అన్న టెంటులో డబ్బా విప్పి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చప్పిడి కూర. అంటే తన డబ్బా లోపలికి వెళ్లిపోయిందన్నమాట. లోపల భోజనం గంట ఇంకా కొట్టలేదు. తోటివాళ్లు తిడుతున్నా వినకుండా పరుగెత్తి గేటు ఊచలు పట్టుకుని ఊపేశాడు.

"బావా! డబ్బా విప్పకు! అది నాది, నిండా కారం!"

మొగుడు డబ్బా పట్టుకుని వచ్చాడు. ఊచల సందులోంచి మార్చుకున్నారు.

"నువ్వు తిన్నావా బావా?" అన్నాడు మొగుడు.

"ఒక్క ముద్ద. ఈ చప్పిడి తిండి రోజూ ఎలా తింటున్నావయ్యా?"

సమ్మె ఓడిపోయింది. కొన్నేళ్లకు మిల్లే మూతపడి, లోపలివాళ్లూ బయటివాళ్లూ కలిసే రోడ్డున పడ్డారు. బావలిద్దరూ తప్పెవరిదని వాదించుకుంటూ, ఒకే బల్ల దగ్గర తింటూ ముసలివాళ్లయ్యారు.

ఇద్దరూ పోయాక ఒకనాడు కూతురు అడిగింది. "ఆ రోజు డబ్బాలు నిజంగానే తారుమారయ్యాయా అమ్మా?"

"వెంట్రుకంత దారాలు ముడేసినదాన్ని, రెండు డబ్బాలు గుర్తుపట్టలేనా?"

"మరి మామయ్య కదలకపోయుంటే? నాన్న కడుపు?"

"గేటు పక్కనే నిలబడ్డా. గంట కొడితే నేనే అరిచి మీ నాన్నను ఆపేదాన్ని" అంది పిన్ని. "కానీ అన్న లేచేదాకా నాకు ఊపిరాడలేదే."