నరసింహారావు గారి ఎముకలు

కూర్చోవడం తప్ప మరో పని చెయ్యని మనిషికి ఆ కూర్చోవడమూ సరిగ్గా చేతకాకపోవచ్చని నాకు మార్కాపురం వచ్చాకే తెలిసింది. ఆ మనిషి పేరు నరసింహారావు. వాళ్ళ నాయన పలకల వ్యాపారం చేసి, మెయిన్ బజార్లో బట్టల దుకాణం పెట్టి, రెండింటినీ నిలబెట్టి పోయాడు. పలకల వ్యాపారం చేతికి రాగానే కొడుకు దాన్ని పడుకోబెట్టాడు. దుకాణం మాత్రం బతికింది, ఎందుకంటే ఆయన భార్య రామతులసమ్మ దాన్ని ఆయన చేతికి ఇవ్వలేదు. ఆమె గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది, ఆయన గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. దారిన పోయేవాళ్ళని పలకరిస్తాడు, పేపరు తిరగేస్తాడు, మధ్యాహ్నం ఇంటికెళ్ళి నిద్రపోతాడు. అరవై దాటిన ఆ జీవితంలో ఇంతకు మించి చెప్పుకోవడానికి నాకేమీ కనబడలేదు. అయినా బజారంతా ఆయన్ని పెద్దమనిషి అంటుంది. పెద్దమనిషి కావడానికి పొట్టా తీరికా ఉంటే సరిపోతుందేమో.

నేను అక్కడి ఒక ప్రైవేటు కాలేజీలో బొమ్మలు నేర్పుతాను. డిగ్రీ పిల్లలకి ఫిగర్ డ్రాయింగ్ నా సబ్జెక్టు. అంటే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చూసి గీయడం. ఏడాది చివర ప్రాక్టికల్ పరీక్షలోనూ నిజం మనిషే కూర్చోవాలని యూనివర్సిటీ రూలు. ఆ మనిషి కోసం నేను తిరగని చోటు లేదు. కూలికి వస్తారేమోనని బజార్లో కూలీలను అడిగితే, "ఉత్తగా కూర్చుంటే కూలిస్తారా? ఇందులో ఏదో మోసం ఉండాదమ్మా" అని వెళ్ళిపోయారు. మా గది ఊడ్చే మణెమ్మను అడిగాను. "పదిమంది నన్ను ఎగాదిగా చూస్తాంటే నేను కూర్చునేదా? నా చేతిలో చీపురుంటే నన్నెవురూ చూడరు, అదే బాగుంది" అంది.

చివరికి కాలేజీ కరెస్పాండెంట్ కరుణాకరం గారే దారి చూపించాడు. రామతులసమ్మకు ఆయన తమ్ముడు.

"మా బావ ఉండాడు గదమ్మా. పొద్దస్తమానం కూర్చునే ఉంటాడు. ఆ కూర్చునేదేదో ఇక్కడొచ్చి కూర్చుంటాడు" అన్నాడు.

మొదటి రోజు నరసింహారావు గారు పట్టుచొక్కా వేసుకుని, మీసానికి రంగేసుకుని, అత్తరు పూసుకుని ఆటోలో దిగాడు. వెనక ఇంకో ఆటోలో ఆయన కుర్చీ దిగింది, చేతులకి సింహం తలలు చెక్కిన కుర్చీ. పిల్లలందరూ కలిసి తన పటం గీస్తే హాల్లో తగిలిస్తారని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఎవరిచ్చారో నేను అడగలేదు, మనిషి దొరికాడు చాలనుకున్నాను.

నా క్లాసు రెండు నిమిషాల గీతలతో మొదలవుతుంది. రెండు నిమిషాల్లో మనిషి ఒరిగిన తీరు, బరువు పడిన చోటు కాగితం మీదికి రావాలి. ముక్కూ మూతీ తర్వాత సంగతి. టైమయిందని నేను చప్పట్లు కొట్టగానే ఆయన మొహం చిన్నబోయింది.

"రెండు నిమిషాల్లో అయిపోయే మనిషినా నేను?" అన్నాడు.

ఆ రోజు నుంచీ ఆయనతో నాకు ప్రతి వారం ఒక తద్దినం. విరామం తర్వాత కాళ్ళు మళ్ళీ అక్కడే పెట్టాలని నేల మీద పాదాల చుట్టూ సుద్దతో గీస్తాం. టీ తాగొచ్చి కుడి కాలు మీద ఎడమ కాలు వేసుకునేవాడు. అది కాదండీ అంటే, "ఏ కాలైతే ఏందమ్మా, రెండూ నాయ్యే గదా" అనేవాడు. ఫోను మోగితే లేచేవాడు. మోగకపోతే తనే ఎవరికో చేసి, "నన్ను గీస్తాండారు, తర్వాత మాట్లాడతా" అని పెట్టేసేవాడు. ఒక వారం ఒంటికీ చేతికీ మధ్య ఉండే ఖాళీ జాగాను గీయమని అసైన్‌మెంట్ ఇచ్చాను. ఆ ఖాళీ ఆకారం కుదిరితే మనిషి ఆకారం దానంతటదే కుదురుతుంది. ఆయన వచ్చి చూసుకుని, "నన్నొదిలేసి సందులు గీస్తాండారా?" అని అలిగి కూర్చున్నాడు.

అన్నింటికన్నా రోత ఇంకోటి ఉంది. కొలత కోసం పిల్లలు పెన్సిలు పట్టుకుని చెయ్యి చాపి, ఒక కన్ను మూసి చూస్తారు. ఎక్కడైనా బొమ్మలు గీసేవాళ్ళు చేసే పనే. ఇరవై ఏళ్ళ ఆడపిల్లలు తనని చూసి కన్ను మూస్తున్నారని ఈయన ముసిముసిగా నవ్వుకున్నాడు. మరుసటి వారం తలకి కూడా రంగేసుకొచ్చాడు.

ఆ క్లాసులో గీయడం నిజంగా వచ్చిన పిల్ల యామిని. గిద్దలూరు నుంచి రోజూ రైల్లో వస్తుంది. వాళ్ళ నాయనకి కందీ మిరపా పండే కొంచెం పొలం ఉంది. ఆయన కూతురికి ఒకటే మాట చెప్పాడు, ప్రాక్టికల్‌లో ఫస్టు క్లాసు వస్తే విశాఖపట్నం పంపి పై చదువు చదివిస్తానని, రాకపోతే మేనమామ ఫ్యాన్సీ షాపులో కూర్చోమని. ఆ పిల్ల మాటలు తక్కువ, చూపెక్కువ. పెన్సిలు కాగితానికి ఆనించే ముందు చాలాసేపు చూస్తుంది.

పరీక్షకి ముందు చివరి అసైన్‌మెంట్ ఎముకలు. కూర్చున్న మనిషి బొమ్మ గీసి, ఆ ఒంట్లో ఏ ఎముక ఎక్కడుంటుందో దాని లోపలే వేసి చూపించాలి. సైన్సు వాళ్ళ దగ్గరున్న ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని తెచ్చి పక్కన నిలబెట్టాను. అది కాలేజీ పాఠం కోసమని నరసింహారావు గారు దాన్ని పట్టించుకోలేదు. ఆ రోజు పూర్తయిన షీట్ల మీద నేను సంతకం చేసి, కాలేజీ ముద్ర వేశాను. ముద్ర పడిన షీటే పరీక్షకి పోతుంది, తర్వాత ఇంకోటి గీసి పెడతానంటే కుదరదు.

క్లాసు అవగానే ఆయన ఎప్పటిలాగే బొమ్మలు నిలబెట్టిన ఒక్కో ఈజిలు ముందూ ఆగి తన బొమ్మను తనిఖీ చేసుకుంటూ వచ్చాడు. మిగతా పిల్లలు వేసిన పక్కటెముకలు చూసి ఏ నిచ్చెనో అనుకున్నట్టున్నాడు, ముందుకు నడిచాడు. యామిని బొమ్మ దగ్గర మాత్రం కాళ్ళు కదల్లేదు. సింహాల కుర్చీ ఆయనదే. అందులో దర్జాగా కాలు మీద కాలేసుకుని ఒక అస్థిపంజరం కూర్చుని ఉంది. చుట్టూ ఒళ్ళు సన్నటి గీతగా మిగిలింది. మోకాలి మీద ఆనిన వేలి ఎముకకి ఆయన పగడపు ఉంగరం, పళ్ళ వరస మీద ఆయన మీసం.

"ఇదేంది?" అన్నాడు.

"మీ ఎముకలు పెద్దనాయనా" అంది యామిని.

"బతికున్నోడికి ఎముకలేస్తారా ఎవురైనా?"

"బతికున్నోళ్ళకీ ఉంటాయి గదా పెద్దనాయనా."

నేను నవ్వాను. ఆయన చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగిపోయాడు.

రెండు రోజులకి రామతులసమ్మ ఫోను చేసింది. "అమ్మా, మీరేం చూపించినారో ఏమో, ఈయన అన్నం తినకుండా పక్కటెముకలు తడుముకుంటాండాడు. సిద్ధాంతి దగ్గరికి పోయినాడు, తాయెత్తు కట్టించుకున్నాడు. గుమ్మం దగ్గర కూర్చోమంటే దిష్టి తగుల్తాదంట. నాకు మాత్రం ఒక కుర్చీ జాగా కలిసొచ్చింది" అంది. ఆ ఇంట్లో మనిషి అని చెప్పుకోదగ్గది ఆమె ఒక్కతే అనిపించింది.

పరీక్ష ఇంకా నాలుగు రోజులుందనగా కరుణాకరం గారు బావను వెంటబెట్టుకుని మా గదికి వచ్చాడు. యామిని, నేను, మూల బొమ్మలు గీయగా రాలిన బొగ్గుపొడి ఊడుస్తున్న మణెమ్మ ఉన్నాం.

"ఆ కాగితం చించి పారేస్తే పోలా?" అన్నాడు కరుణాకరం.

"నన్ను నిలువునా చించుతావా?" అన్నాడు నరసింహారావు గారు.

"కాల్చేద్దాం పో."

"కాల్చినాక ఇంకేం మిగిలింది? అయిపోయినట్టే గదా!"

"చెరువులో ఏసొస్తా బావా."

"నీళ్ళలో కలిపేది అస్థికలు గదరా!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏం చేసినా అంత్యక్రియలే అవుతాయి. నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను. కాస్త తమాయించుకుని, మీసం, ఉంగరం చెరిపేస్తే అది ఎవరి బొమ్మో తెలియదు కదా, పిల్ల షీటు పిల్లకి మిగులుతుందని చెప్పాను.

"ఎవురిదో తెలీకపోతే అది నాదే అయితాదమ్మా. అట్ల వదిలేస్తే కుదరదు. దానికొక మనిషి కావాల" అన్నాడు. చూపు గదంతా తిరిగి మూలకి వెళ్ళి ఆగింది. "మణెమ్మది చేసెయ్యండి. ఆమెకెట్లాగూ వయసైపోయింది గదా."

మణెమ్మ చీపురు ఆపింది.

నాకు ఒళ్ళు మండింది. "మీ చావు తెచ్చి ఆమె నెత్తిన పెడతారా?" అన్నాను.

"పెడితే ఏమైతాది? ఉత్త బొమ్మే గదమ్మా" అన్నాడు, చేతికి కట్టిన తాయెత్తు సవరించుకుంటూ. "లేదంటే పరీక్షకి నేను రాను. ఎవుర్ని కూర్చోబెట్టుకుంటారో కూర్చోబెట్టుకోండి."

కరుణాకరం గారు నా వైపు దీనంగా చూశాడు. మనిషి లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే క్లాసంతటికీ ఏడాది పోతుంది. అప్పుడు యామిని లేచి తన షీటు బోర్డు మీద పెట్టుకుంది.

"అవ్వది వద్దు. నాది చేసుకుంటా" అంది.

వద్దని నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. "ఉత్త బొమ్మే గద మేడమ్" అని విడిపించుకుంది. రబ్బరుతో మీసం తీసేసింది, ఉంగరం తీసేసింది. సింహాలను చెరిపి మామూలు ప్లాస్టిక్ కుర్చీ చేసింది. పుర్రె వెనక నుంచి భుజం మీదికి ఒక జడ దించింది. ముక్కు దగ్గర తన ముక్కుపుడక పెట్టింది. నరసింహారావు గారు వెనకే నిలబడి ప్రతి గీతా సరిచూసుకున్నాడు. మీసం ఛాయ ఇంకా కొంచెం కనబడుతోందని మళ్ళీ రుద్దించాడు కూడా.

అంతా అయ్యాక గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "నిండు నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ" అని దీవించాడు. వెటకారం ఏమీ లేదు, మనస్ఫూర్తిగానే దీవించాడు. కూతురు వయసు కూడా లేని పిల్లకి తన చావు అంటగట్టి, ఆ నోటితోనే నూరేళ్ళు ఇవ్వగలిగిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. మెట్లు దిగుతూ మిర్చి బజ్జీలు తిందాం రమ్మని బావమరిదిని పిలవడం వినిపించింది.

పరీక్ష రోజు నరసింహారావు గారు పొద్దున్నే వచ్చాడు. కొత్త చొక్కా, కొత్త రంగు. గుంటూరు నుంచి వచ్చిన పరీక్షకుడు ఏడాది షీట్లన్నీ ముందుగా చూస్తానని ఈజిళ్ళ వెంట నడిచాడు. యామిని షీట్లు తిరగేస్తూ చాలాసార్లు తలూపాడు. ఎముకల బొమ్మ దగ్గర ఆగి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"గీత బాగుంది. కానీ ఏమిటమ్మా ఇది? జడా ముక్కుపుడకా పెట్టి, మగవాడి కటి ఎముక వేశావు? ఆడవాళ్ళకి ఇది వెడల్పుగా ఉండాలి కదా. ఈ భుజాలు చూడు, ఈ పుర్రె నుదురు చూడు. ఇంత గీయగలిగిన పిల్లవి, ఇంత పెద్ద తప్పా?"

"సార్, ఆ బొమ్మ మొదట..." అని నేను మొదలుపెట్టాను.

"శ్రద్ధ తక్కువ సార్" అన్నాడు నరసింహారావు గారు కుర్చీలోంచి. "ఏడాదంతా చెప్తానే ఉండా. మనిషిని బాగా చూసి గీయండని. ఈ కాలం పిల్లలు ఇంటేనా?"

పరీక్షకుడు ఆయన్ని మెచ్చుకోలుగా చూశాడు. నేను ఈసారి గట్టిగా, ఆ బొమ్మకి కూర్చున్నది ఈయనేననీ, ఈయన భయం కొద్దీ మార్పించాడనీ చెప్పాను. "నేనా? నాకెందుకమ్మా భయం?" అని నవ్వాడు ఆయన. "కాగితం మీద ఏముందో దానికే మార్కులు మేడమ్" అని పరీక్షకుడు ఎర్రసిరాతో అంకె వేసి ముందుకు కదిలాడు. ఇక ఈ రోజు ఎంత బాగా గీసినా ఆ అంకెతో ఫస్టు క్లాసు రాదని యామినికీ తెలుసు, నాకూ తెలుసు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

పరీక్షకుడు దూరం పోయేదాకా ఆగి, నరసింహారావు గారు యామిని వైపు కొంచెం వంగాడు.

"ఏమనుకోబాకమ్మా. పైనుంచి వచ్చినోళ్ళ ముందు ఏదో ఒకటి అనాల గదా" అని, గొంతు ఇంకా తగ్గించి, "ఈ గడ్డం కింద కండ కొంచెం తగ్గించి గీయి" అన్నాడు.

"ఈసారి తగ్గించేదేం లేదు పెద్దనాయనా" అంది యామిని. "ఇన్నాళ్ళూ ఎంత చూసినా సరిగ్గా అందలేదు. ఇప్పుడు బాగా కనపడతాండావు."

పరీక్షకిచ్చిన కొత్త కాగితం బోర్డుకి బిగించి గీయడం మొదలుపెట్టింది.