వీధి చివరి కొళాయి

మా వీధికి నీళ్ళు వదిలే మామ పోయిన నెలలో చనిపోయాడు. వేలూరు ఆసుపత్రి నుంచి కబురు వచ్చేసరికి మా గుడియాత్తంలో కొళాయిలు వచ్చే వేళయింది. ఆయన లేకపోయినా ఆ పొద్దున నీళ్ళు వచ్చాయి. నాకెందుకో వాటి మీద కోపం వచ్చింది.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. మగ్గాల వీధిలో అందరికీ మామే. మోర్ధానా డ్యాము నిండిన ఏడాది నవ్వుతూ, ఎండిన ఏడాది ఎవరికీ చిక్కకుండా సైకిలు మీద తిరిగేవాడు. ట్యాంకులో క్లోరిన్ కలిపి చేతులు దులుపుకునే మనిషి కాదు. మా ఇంటి ముందున్న ఆఖరి కొళాయి దగ్గరికి వచ్చి, వేలెడంత గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, రెండు చుక్కల మందు వేసేవాడు. క్లోరిన్ మిగిలి ఉంటే పసుపు రంగు తేలుతుంది.

"ట్యాంకు కాడ నీళ్ళు ఎప్పుడూ మంచివేమ్మా. కడాసి కొళాయి కాడ ఎట్లుండాయో చూడాల" అనేవాడు.

గోడకు అంటించిన సర్కారు నోటీసు ఎవరు చదువుతారు? తమిళంలో ఉన్నదాన్ని ఆయనే మా తెలుగులో ఇంటింటికీ చెప్పేవాడు. తాగే నీళ్ళ పైపు పక్కన మురుగు గుంట ఉండకూడదని ఒకసారి చెప్పాడు. విన్నాం, మరిచిపోయాం.

అలాంటి గుంట మాకే ఉండేది. మా నాయన నూలుకు రంగు వేసేవాడు. మిగిలిన రంగునీళ్ళు ఇంటి పక్క సందులో గుంటలోకి వదిలేవాళ్ళం. పైపు పోయేదీ ఆ సందులోనే. ఒక పొద్దున మామ గొట్టంలో చుక్కలు వేయకముందే లేత ఎరుపు కనిపించింది. పైపు అతుకు వదిలి, గుంట నీళ్ళు లోపలికి పోతున్నాయి. అతుకు వేయించి ఊరుకోవచ్చు. ఆయన గుంట కూడా పూడ్పించాడు.

"మా పొయ్యిలో నీళ్ళు పోసినావు గదప్పా" అన్నాడు నాయన.

"పూడ్చకుంటే వీధి బిడ్డలంతా నీ రంగే తాగాల."

ఇంట్లో రంగు పని ఆగిపోయి, నాయన ఊరి బయట రంగుల షెడ్డులో ఇంకొకరి కింద కూలికి చేరాడు. ఏడాది పాటు మామతో మాట్లాడలేదు.

తర్వాత ఒకరోజు మామే గొట్టం పట్టుకుని మా గడప దగ్గర నిలబడ్డాడు. "కన్ను మసకబడినాదప్పా. ఈ పసుపు చాలునా, చెప్పు. రంగు తెలిసిన కన్ను నీది."

నాయన గొట్టం అందుకున్నాడు. వెలుతురుకు ఎత్తి చూసి, "చాల్దు. ట్యాంకులో ఇంకొంచెం క్లోరిన్ కలుపుకో" అన్నాడు. అప్పటి నుంచి రోజూ అదే తంతు. మామ కన్ను నిజంగా మసకబడిందా అని నాకిప్పటికీ అనుమానమే. దూరాన మలుపులో ఉన్న విరించిపురం బస్సు బోర్డు మాత్రం చదివేసేవాడు.

మా పిల్లలు ఆ నీళ్ళు తాగే పెరిగారు. ఆయన ఉండగా ఆ మాట ఆయనతో నేను ఒక్కసారీ అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

కర్మంత్రం అయ్యాక మామ కొడుకు ఆ గొట్టం, మందు సీసా తెచ్చి నాయన చేతిలో పెట్టాడు. నిన్న పొద్దున నీళ్ళు రాగానే నాయన గొట్టంలో పట్టి రెండు చుక్కలు వేశాడు. పసుపు తేలింది. వెలుతురుకు ఎత్తి, పక్కకు తిరిగి, "చాలప్పా" అన్నాడు.

పక్కన ఎవరూ లేరు. బిందె నిండి పొర్లుతోంది. నాయన చేయి దించలేదు.