నాలుగు వేళ్ళ సందు

పోయిన నెల మా మామ పోయారు. పొద్దున జీపు కడిగి, కాళ్ళు కడుక్కుని, కాఫీ అడిగారు. నేను గ్లాసు తెచ్చేలోపల అరుగు మీద ఒరిగిపోయి ఉన్నారు. తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయారు. మధ్యాహ్నం మా ఆయన ఫోను చేసి, "నాయన లేడు" అని పెట్టేశాడు.

నేను ఏడో తరగతి వరకే చదివాను. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోతాయి, చేతిరాత కూడా కుదురుగా ఉండదు. చదివేవాళ్ళు మన్నించాలి. ఆయన గురించి నోటితో చెప్పడం నాకు చేతకావడం లేదు, అందుకే రాస్తున్నాను.

మాది పుత్తూరుకు అవతల, కొండ కింద చిన్న ఊరు. మామకు ఒక పాత జీపు ఉంది. పై పల్లెల్లో కాలో చెయ్యో విరిగినవాళ్ళను కట్టు కట్టించడానికి పుత్తూరుకు తీసుకుపోయేది ఆయనే. మిగతా రోజుల్లో పాలక్యాన్లు, మామిడికాయలు, సంతకు పోయే మనుషులు. ఆ పల్లెల దోవలో వాగులాంటి వంక ఒకటి ఉంది, వంక నిండా గుండ్రాళ్ళు. జీపు అడుగు రాయికి కొట్టుకున్నప్పుడల్లా వెనక పడుకున్న మనిషి కేక పెట్టేవాడు. అలాంటి రోజు ఇంటికొచ్చాక మామకు అన్నం సహించేది కాదు. "ఆ కేక నా ఈపుకి తగల్తాది" అనేవారు అత్తతో. అందుకే జీపుకు కొంచెం పెద్ద టైర్లు వేయించాలనుకున్నారు.

మా ఆయన ఫోనులో వీడియోలు చూసి చూసి, బండిని జానెడు పైకి లేపి, మడ్‌గార్డులు కోసేసి, ట్రాక్టరంత టైర్లు ఎక్కిద్దామన్నాడు.

"ఊరంతా నోరు తెరుచుకోని సూస్తారు నాయనా."

"సూసేవాళ్ళు సూస్తారు. కాలు ఇరిగిన ముసిలామె అంత ఎత్తు ఎట్ల ఎక్కుతాది రా?" అన్నారు మామ. "కోయకుండా, లేపకుండా, ఉండే రిమ్ములకే ఎంత పెద్దది పడితే అంత చాలు. కోసేది నిమిషం పని. కోసినాక వద్దనుకుంటే ఏం జేస్తావు?"

నాకు అప్పటికి పెళ్ళయి ఏడాది. మామతో ఒక్క మాట మాట్లాడి ఎరగను. ఆయన ఎదురైతే తలుపు చాటుకు పోయేదాన్ని. మా అమ్మ అలాగే చెప్పి పంపింది, నా స్వభావమూ అదే. ఏం కావాలన్నా అత్తకు చెబితే అత్త ఆయనకు చెప్పేది. మామ కూడా నన్ను ఇబ్బంది పెట్టలేదు. నాకు చెప్పాల్సింది వాకిట్లో కోడికి చెప్పేవారు. "ఓ కోడమ్మా, ఈ పొద్దు ఊరిబిండి పచ్చడి శానా బాగుండాది. ఇంకొంచెం ఉంటే ఏస్తారేమో అడుగు." లోపల నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని.

టైర్ల కోసం తిరుపతికి పోయినప్పుడు మా వీధి ఆడవాళ్ళు కూడా జీపులో బయలుదేరారు. కొండ మీద తలనీలాల మొక్కు వాళ్ళకు చాలాకాలంగా మిగిలి ఉంది. అత్తా నేనూ వాళ్ళతో కొండెక్కాం. మేము దిగొచ్చేసరికి మామ, మా ఆయన టైర్ల షాపులో ఉన్నారు. ఆడవాళ్ళు గుండ్లకు గంధం పూసుకుని, లడ్డు సంచులు ఒళ్ళో పెట్టుకుని షాపు ముందర వరసగా కూర్చున్నారు.

అప్పటికే ముందు చక్రాలకు కొత్త టైర్లు ఎక్కించారు. ఆ సైజు మామే ఎంచారు. టైరుకూ పైనున్న మడ్‌గార్డుకూ నడుమ చెయ్యి దూర్చి మాకు చూపించారు. "నాలుగు వేళ్ళ సందు. దండిగా సరిపోయింది."

అత్త అంతా చూసి, "ఖాళీ బండిని కొలిస్తే ఏం లాబం? మనము ఎప్పుడన్నా ఖాళీగా పోయినామా?" అంది.

మామ సందులోంచి చెయ్యి తీసి, జీపు వెనక తలుపు తెరిచారు. తరువాత, "అందురూ ఎక్కండి" అన్నారు.

రోడ్డు మీదికి పోకముందైతే మారుస్తాను, మట్టి తగిలాక తీసుకోను అని షాపాయన ముందే చెప్పాడు. ఇంకో జత కొనే శక్తి మాకు లేదు. ఆ ఆవరణలోనే తేలిపోవాలి.

"ఏమన్నా, మమ్మల్ని తూకం ఎయ్యను పిలుస్తా ఉండావా?"

"జుట్టు ఇచ్చేసొచ్చినాం, బరువు తగ్గింటాది సూసుకో!"

నవ్వుకుంటూ అందరూ వెనక ఇరుక్కున్నారు. వెనక చోటు లేక అత్త నన్ను ముందు సీట్లోకి తోసింది. నేను తలుపుకు అతుక్కుని కూర్చున్నాను.

"మామ పక్కన కూసోనేదానికి ఆ వంకరేంది మే? కింద పడిపోతావు!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

నా వైపు ముందు చక్రం కింద షాపాయన ఇటుకలు పేర్చాడు. మామ చక్రాన్ని వాటి మీదికి ఎక్కించి, స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పారు, తరువాత రెండో పక్కకు. మా ఆయన బయట గొంతుక్కూర్చుని చూస్తున్నాడు.

"యాడా తగల్లే నాయనా! తీసేసుకోవచ్చు!"

వెనక చప్పట్లు కొట్టారు. నా పాదాల కింద రేకు మాత్రం గరగరమంది, చక్రం ఒక పక్కకు తిరిగినప్పుడే. చెబితే నలుగురిలో మా ఆయన మాట కొట్టేసినట్టవుతుంది. చెప్పకపోతే ఆ టైర్లు ఇంటికి వచ్చేస్తాయి. అత్త చెవిలో వేద్దామని వెనక్కి తిరిగాను. ఆమె ఎవరికో లడ్డు విరిచి పెడుతోంది. మామ చెయ్యి తాళం మీదికి పోయింది.

"మామా, ఈడ రాసుకుంటా ఉండాది" అన్నాను.

మామ నా వైపు తిరగలేదు. తిరిగి ఉంటే నాకు ఇంకో మాట వచ్చేది కాదు. ముందు అద్దంలోంచి ఎటో చూస్తూ, "ఏ పక్కకి తిప్పితే, అమ్మణ్ణీ?" అన్నారు.

"నా పక్కకి."

ఆయన దిగి, గోనెసంచి పరుచుకుని, ఫోను లైటు వేసుకుని కిందికి దూరారు. టైరు లోపలి అంచు, బయటికి కనబడని చోట, నా కాళ్ళ కిందున్న రేకుకు తగులుతోంది. కొత్త రబ్బరు మీద గోటి గీతంత గుర్తు పడింది.

"ఆ రేకు సుత్తితో రెండు దెబ్బలేస్తే లోపలికి పోతాదన్నా" అన్నాడు షాపాయన.

"అది అమ్మణ్ణి కాలు పెట్టుకునే జాగా. కొట్టొద్దప్పా. నేను ఎంచిందే తప్పు, ఒక సైజు దించు."

"ఏరా అబ్బయ్యా, చెవులు పెండ్లానికి ఇచ్చేసి వచ్చినావా?" అని ఆడవాళ్ళు మా ఆయన మీద పడ్డారు. ఆయన బుర్ర గోక్కుని, "ఈ గుండ్ల మెరుపుకి నా కండ్లు కూడా పోయినాయి" అన్నాడు.

చిన్న సైజు ఎక్కించి, అందరినీ మళ్ళీ కూర్చోబెట్టి తిప్పారు. ఈసారి మామ నన్నే చూసి, రాసుకుంటా ఉండాదా అని అడిగారు. లేదు మామా అన్నాను. అదే సైజు స్టెప్నీ కూడా వెనక దాని చోట్లో పెట్టి చూశాకే కదిలారు.

ఆ రోజుతో కోడికి ఆయన దగ్గర పని పోయింది. ఏదైనా నాతోనే చెప్పేవారు. స్టీరింగు బరువెక్కిందని, డీజిలు ఎక్కువ తాగుతోందని దాచకుండా ఒప్పుకునేవారు. "ఏదీ ఉత్తగా రాదు అమ్మణ్ణీ, ఏం పోతాదో ముందే తెలిస్తే సాలు." విరిగిన మనిషి కోసం పైకి పోయేటప్పుడు మా ఇంటి ముందరే టైర్లలో కొంచెం గాలి వదిలేవారు, చక్రం రాళ్ళ మీద మెత్తగా పోతుందని. తిరిగి ఇంటి ముందరికి వచ్చాక, తారురోడ్డు ఎక్కేముందు కాలి పంపుతో మళ్ళీ గాలి కొట్టాలి. పంపు తొక్కడం నా వంతు. ఒక్కోసారి చీర కుచ్చిళ్ళు పంపులో చిక్కుకునేవి. ఆయన మొహం పక్కకు తిప్పుకుని, నేను సర్దుకునేదాకా ఆగేవారు.

మామ దినాల్లో పై పల్లె నుంచి ఒకామె చేతికర్ర పట్టుకుని వచ్చింది. పోయిన వానాకాలంలో ఆమెకు కాలు విరిగితే మామే తీసుకుపోయారు. ఆ రోజు మాలో ఎవరమూ బండిలో లేము. ఆమె అరుగు మీద కూర్చుని, కాలు చాపుకుని చెప్పింది.

"ముందు రోజు రాత్రంతా నొప్పికి కన్ను మూయలే తల్లీ. బండెక్కినాక ఎప్పుడు నిద్ర పట్టిందో తెలీలే. వంక దాటింది కూడా తెలీలే. లేసి సూస్తే కట్లు కట్టే ఇంటి ముందర నీడలో ఆగుండాది బండి. శానాసేపయిందంట వచ్చి. నా కొడుకు దించబోతే మీ మామ ఒప్పుకోలేదంట."

ఆమె కళ్ళు తెరిచేసరికి ఇంజిను ఆపేసి ఉందట. మామ ఆమె కాళ్ళ దగ్గర, సీటు కొసలో కూర్చుని ఉన్నారట. లోపలి నుంచి కట్లు కట్టేవాళ్ళు రమ్మని పిలుస్తుంటే, కాసేపు ఉండమని ఒక చెయ్యి ఎత్తి పెట్టుకుని, రెండో చేత్తో తుండు విసురుతూ ఆమె కాలి మీద ఈగలు తోలుతున్నారట.