చేతుల రిజిస్టరు

"శుక్రవారం నాటికి తెచ్చిస్తా" అని ఒక మనిషి మాట ఇచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఆ మాట చెవులారా విన్నవాళ్ళం ఇద్దరం. మాలో ఒకరు, నంద్యాలలో బాల్ బ్యాడ్మింటన్ రాకెట్లు చేసే మా ఉస్తాద్, రెండు నెలల కిందట కన్నుమూశారు. ఆయన కొడుకు ఫోన్ చేసి, "నాయన పోయినాడు సార్" అన్నాడు.

మర్నాడు పేపరు తిరగేశాను. జిల్లా పేజీలో ఆయన గురించి ఒక్క వాక్యం లేదు. అదే పేజీలో, క్రీడలకు చేసిన సేవకు గుర్తింపుగా ఇంకో ముసలాయనకు శాలువా కప్పుతున్న ఫోటో ఉంది. ఆ శాలువా కింద నవ్వుతున్నది ఆ శుక్రవారం మాట ఇచ్చిన మనిషే. గొప్పవాళ్ళ జీవిత చరిత్రలు రెండు బీరువాల నిండా చదివాను. వాళ్ళలో సగంమందికి లేని నిజాయితీ ఉన్న మనిషి గురించి రాసేవాళ్ళు లేకపోయారు. కనుక నేనే రాస్తున్నాను.

ఆళ్ళగడ్డ హైస్కూల్లో నేను తెలుగు చెప్పేవాణ్ణి. సాయంత్రం బెల్లు కొట్టగానే చొక్కా విప్పి కోర్టులో దిగేవాణ్ణి. డెబ్బైలలో మా వైపు ఆ ఆటకున్న పిచ్చి ఇప్పటివాళ్ళు నమ్మరు. ఒక పసుపుపచ్చ ఉన్ని బంతి, అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, చుట్టూ ఊరంతా. మిడుతూరు నుంచి, పాములపాడు నుంచి జట్లు వచ్చేవి. ఆ జట్లలో బాగా ఆడేవాడి చేతిలో ఉన్న రాకెట్ ఎక్కడిదో అడగనక్కర్లేదు. నంద్యాల స్టేషన్ దారిలో, టీకొట్టుకూ సైకిల్ షాపుకూ మధ్య ఇరుక్కున్న ఒక గదిలో తయారైనదే.

ఆ గదికి పోయి రాకెట్ కావాలంటే ఇచ్చేవారు కాదు. నేను మొదటిసారి పోయినప్పుడు తల ఎత్తకుండానే, "ఎవురికి సార్?" అన్నారు.

"నాకే."

"అయితే ఆడొచ్చి రండి."

"ఆళ్ళగడ్డ నుంచి బస్సులో వచ్చినా గదన్నా."

"బస్సులో కూచున్న చెయ్యి నాకేం పనికొస్తాది సార్? రైల్వే గ్రౌండులో పిల్లోళ్ళు ఆడతాండారు. ఒక గంట ఆడి రండి. చెయ్యి వేడెక్కాల."

అరువు రాకెట్‌తో గంటసేపు ఆడి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చాను. తడి బంకమట్టి ముద్ద నా చేతిలో పెట్టి, రాకెట్ పిడి అనుకొని పట్టుకోమన్నారు. అక్కడ కొత్తవాళ్ళందరూ చేసే తప్పే నేనూ చేశాను. నా బలమంతా చూపిద్దామని పిసికాను.

"గొంతు పిసకమన్లేదు సార్, పట్టుకోమన్యా."

మట్టిని మళ్ళీ ముద్ద చేసి ఇచ్చారు. ఈసారి నా చేతికేసి చూడనే లేదు. "ఇంట్లో పొద్దున ఏం చేసినారు?" అని అడిగారు. బొరుగులతో ఉగ్గాని చేశారని, అందులో కారం ఎక్కువైందని నేను చెబుతూ ఉండగానే, "చాలు, ఇయ్యండి" అని ముద్ద తీసేసుకున్నారు. మాటల్లో పడి తనను తాను మరిచిన చేతినే ఆయన నమ్మేవారు.

ఆ తర్వాత రిజిస్టరు తీశారు. పొడుగాటి, అట్ట మందంగా ఉన్న పుస్తకం. మనిషికో పేజీ. పైన పేరు, ఊరు. కింద చేతి గీత. మట్టిలో పడ్డ ప్రతి వేలి పల్లానికీ మైనం రాసిన నూలుదారం పెట్టి, సరిగ్గా అంతే తెంపి, సూదితో పేజీకి కుట్టేవారు. టేపుతో కొలిచి అంకెలు వేసుకోవచ్చు కదా అంటే, "టేపు సాగుతాది సార్, అంకె పొరపాటు పడతాది. దారం పక్కన పెట్టి చూసుకుంటే అయిపోతాది" అన్నారు. దారాల కింద ఆ మనిషి ముందు నిలబడి ఆడతాడా, వెనక నిలబడి ఆడతాడా అని రాసేవారు. చేత్తో తిప్పే డ్రిల్లుతో చట్రానికి అల్లిక తీగ దూర్చే బెజ్జాలు వేసేది ఆయనే. ముందు ఆడేవాడికి దగ్గర దగ్గరగా, వెనక ఆడేవాడికి ఎడంగా. ఎన్ని, ఎంత ఎడం, అన్నీ ఆ పేజీలోనే.

ఏటా ఒకసారి మళ్ళీ మట్టి పట్టించేవారు. కోతలకు పోయి కాయలు కాచిన చేయి, జబ్బుచేసి చిక్కిన చేయి, అన్నీ మారతాయి. కొత్త దారం పాతదాని కింద కుట్టేవారు. పాతది మాత్రం పీకేవారు కాదు.

"అది ఇంకెందుకన్నా?" అని అడిగాను.

"ఆ పొద్దుకి ఆ చెయ్యి నిజమే గదా సార్. దాన్ని ఎట్ల పీకేస్తా?"

నా బొటనవేలు వంకర. చిన్నప్పుడు బండిచక్రం కింద పడింది. దానికోసం పిడి పక్కన చిన్న పల్లం చెక్కి, ఆ కొలత కూడా నా పేజీలో ఎక్కించారు. ఆ రాకెట్ పట్టుకున్న రోజు నా చేతికి వంకర ఉందన్న సంగతే మరిచిపోయాను.

ఆ గదికి మా క్లబ్బు కార్యదర్శిని తీసుకుపోయింది నేనే. ఈ పని ఒకసారి చూడాలని గర్వంగా తీసుకుపోయాను. అతను రిజిస్టరు పేజీలు తిప్పి తిప్పి చూశాడు. రెండు వారాలకు, డెబ్బైల చివర ఒక ఆదివారం పూట, నన్ను వెంటబెట్టుకొని మళ్ళీ వచ్చాడు. పట్నంలో ఒక కంపెనీ రాకెట్ల మీద ఉస్తాద్ పేరు అచ్చువేస్తుందట, ఒక్కసారి పుస్తకం చూపిస్తే చాలట.

"పుస్తకం ఈడ నుంచి కదల్దప్పా" అన్నారు ఉస్తాద్.

"శుక్రవారం నాటికి తెచ్చిస్తా. నువ్వు నమాజుకి పోయి వచ్చేసరికి నీ బల్ల మీద ఉంటాది. సార్ ఉండాడు గదా సాక్షి."

ఉస్తాద్ నా వైపు చూశారు. నేను తల ఊపాను. పుస్తకం ఇచ్చారు.

శుక్రవారం పుస్తకం రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. మూడో వారం నేను కార్యదర్శి ఇంటికి పోయి అడిగితే, "బస్సులో యాడో జారిపోయింది సార్. పాత పుస్తకమే గదా" అన్నాడు. ఆయన పదేళ్ళ పని అది. ఆ మాట ఉస్తాద్‌కు చెప్పడానికి ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల దాకా బస్సులో నిలబడే పోయాను, సీట్లు ఖాళీగా ఉన్నా. విని ఆయన, "టీ తాగుతారా సార్?" అన్నారు.

ఏడాది తిరిగేసరికి ఆళ్ళగడ్డ బజారులో కార్యదర్శి బావమరిది ఆటసామాన్ల కొట్టు పెట్టాడు. మూడు సైజుల్లో కంపెనీ రాకెట్లు దిగాయి. ఒకటి తీసి పట్టుకున్నాను. నా వేలు పోయి పల్లంలో కూర్చుంది. ఇంకోటి తీశాను. అందులోనూ అంతే. నా ఒక్కడి వంకర వేలికోసం చెక్కిన పల్లాన్ని, అదేదో గొప్ప రహస్యమనుకొని, వాళ్ళు అన్నిటికీ చెక్కారు. బస్సులో జారిపోయిన పుస్తకం ఎక్కడ తేలిందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఒకటి కొని తీసుకుపోయి ఉస్తాద్ ముందు పెట్టాను. పల్లం తడిమి చూశారు. భుజాలు కదిలేలా నవ్వారు.

"మీ బొటనేలు జిల్లా అంతా ఆడతాంది సార్."

"నవ్వులాట కాదన్నా. పేపరుకు రాస్తా. పేరుతో సహా రాస్తా."

"నేను బతికినన్నాళ్ళు వద్దు. వానికీ బిడ్డలుండారు, ఇదే ఊర్లలో తిరగాల. నాకు మాటియ్యండి."

ఇచ్చాను. నేనిచ్చిన మాట నేను నిలుపుకున్నాను.

ఆయన చేసింది వేరు. కొత్త రిజిస్టరు కొన్నారు. ఆ మట్టి పనంతా మళ్ళీ మొదలుపెట్టారు. ప్రతి ఆదివారం తొలి బస్సుకు, తడి గోనెలో చుట్టిన మట్టితో బయలుదేరేవారు. ఆళ్ళగడ్డ, పాములపాడు, మిడుతూరు. చేతులు ఆయన దగ్గరికి రావడం పోయి ఆయనే చేతుల దగ్గరికి పోయారు. రెండేళ్ళు పట్టింది. చాలా ఆదివారాలు నేనూ వెంట పోయాను. తల ఊపినవాణ్ణి కదా, గోనె మోశాను.

మిడుతూరులో ఒక ఆటగాడుండేవాడు. వెనక నిలబడి కొడితే బంతి కనపడేది కాదు. రిజిస్టరు పోయిన తర్వాత నంద్యాల రైస్ మిల్లులో బెల్టు అతని చేతివేళ్ళు రెండు తీసుకుంది. మమ్మల్ని చూసి చెయ్యి పంచెలో దాచుకున్నాడు.

"పోన్నా, ఇంగేం కొలుస్తావు" అన్నాడు.

"పోయినేటివి నాకేం పనప్పా. ఉండేటివి చూపించు."

అరగంట అతనితో బర్రెల గురించి మాట్లాడారు. మాటల్లో చెయ్యి బయటికొచ్చింది. మూడు వేళ్ళతో మట్టి పట్టుకుంది. మూడు దారాలు కుట్టారు. మిగిలిన రెండింటి చోటు, గీత గీసి, అలాగే ఉంచారు. పిడి ఎట్లా చెక్కారో నాకు తెలియదు గాని, మరుసటేడు ఆళ్ళగడ్డలో అతను మా క్లబ్బు మీద ఆడాడు. కార్యదర్శి కంపెనీ రాకెట్‌తో, లేని వంకరకు వేలు జారుతూ, అవతల నిలబడ్డాడు. ఆ రోజు మేం ఓడిపోయాం. నేను ఓడి అంత సంతోషంగా ఇంటికి పోయింది అదొక్కసారే.

ఎనభైల చివరికి ఆట పలచబడింది. క్రికెట్ వచ్చింది, కోర్టుల్లో షెడ్లు లేచాయి. ఉస్తాద్ మంచాలకు కోళ్ళు చేశారు, తలుపులకు పిడులు చేశారు. తలుపు పిడి చేసినా ఆ ఇంటి మనిషిని పిలిచి ఒకసారి పట్టుకోమనేవారట.

ఆయన పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు పోయినప్పుడు కొడుకు రెండో రిజిస్టరు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "మీకే ఇమ్మన్యాడు సార్." ఇంటికి తెచ్చుకొని, నిదానంగా, పేజీ పేజీ తిప్పాను. దారాలు రంగు మారాయి గాని ఒక్కటీ ఊడలేదు. నా పేజీ ఉంది, పల్లం కొలతతో సహా. మిడుతూరు మూడు దారాలు ఉన్నాయి.

చివరన, పైన పేరు మాత్రమే రాసిన పేజీ ఒకటి ఉంది. చేతి గీత లేదు. కొలత లేదు. మైనం రాసిన కొత్త దారం ఒకటి, ఒక కొస మాత్రం కుట్టి, తెంపకుండా, కింద వేలాడుతోంది. ఏనాటికైనా ఆ మనిషి పుస్తకం పట్టుకొని వస్తాడని, వచ్చినప్పుడు చేతిలో మట్టి పెట్టి, ఇంట్లో ఏం చేసినారప్పా అని అడగాలని ఆయన ఎదురుచూసినట్టున్నారు. ఆయన క్షమించారేమో. నేను క్షమించలేదు. నేనిచ్చిన మాటకు ఇప్పుడు గడువు తీరింది. పేజీ పైన ఉస్తాద్ గుండ్రటి అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

మద్దిలేటి, క్లబ్బు సెక్రటరీ, ఆళ్ళగడ్డ.